మే నెలలో మూడు రోజులకు బాపట్ల: అత్తయ్యగారి ఇల్లు, సూర్యలంక సముద్రం

మీరిద్దరూ, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప, మీ అమ్మగారు కలిసి మే నెల మధ్యలో హైదరాబాద్ నుంచి బాపట్లలో మీ మేనత్తగారింటికి మూడు రోజులకు వెళ్తున్నామని రాశారు. రోజూ సముద్రానికి వెళ్ళొచ్చా, పిల్లలు నీళ్ళలోకి దిగొచ్చా, ఏం సర్దుకోవాలి, వచ్చేటప్పుడు చేపలు తెచ్చుకోవచ్చా, చుట్టుపక్కల ఏం చూడాలి అని అడిగారు. క్లుప్తంగా చెప్పాలంటే రెండు పొద్దుటిపూటలు సముద్రానికి, ఒక సాయంత్రం చీరాల వైపుకి, మిగతా కాలమంతా అత్తయ్యగారింటికి ఇవ్వండి. అంతకు మించి పెట్టుకుంటే ఎండ దెబ్బైనా తగులుతుంది, వాళ్ళింట్లో పనైనా రెట్టింపవుతుంది. ఎందుకో ఒక్కొక్కటిగా రాస్తాను. సముద్రం గురించి మాత్రం ఎక్కువ రాస్తాను, ఆ భాగం పిల్లల నాన్నగారు కూడా చదవాలి.

ముందు రోజుల ఎంపిక. సెలవుల్లో శని, ఆదివారాలు సూర్యలంక ఒడ్డు గుంటూరు, విజయవాడ, నరసరావుపేట నుంచి వచ్చిన జనంతో నిండిపోతుంది. అంత జనంలో పిల్లల మీద కన్ను నిలవదు. ఆదివారం తెల్లవారుజామున దిగి మంగళవారం రాత్రి రైలెక్కేలా చూసుకోండి. ఆదివారం ఇంట్లో అందరూ ఉంటారు కాబట్టి ఆ రోజు కబుర్లకి, సోమ, మంగళవారాల పొద్దుళ్ళు సముద్రానికి. రైలు టికెట్లు ప్రయాణానికి అరవై రోజుల ముందు తెరుచుకుంటాయి. వేసవిలో ఈ దారి టికెట్లు త్వరగా అయిపోతాయి, కాబట్టి మొదటి రోజే చేసుకోవాలి. తత్కాల్ అయితే ముందు రోజు ఏసీకి పది గంటలకి, స్లీపర్‌కి పదకొండుకి. బాపట్లకి దొరక్కపోతే చీరాలకి చూడండి. కొన్ని బండ్లు బాపట్లలో ఆగకుండా చీరాలలో ఆగుతాయి, రెండింటి మధ్య దూరం పదిహేను కిలోమీటర్లే. రాత్రి బండ్లు చాలావరకు తెల్లవారకముందే దింపేస్తాయి. ఆ వేళకి మామయ్యగారు స్కూటర్ వేసుకుని స్టేషన్‌కి వస్తానంటారు. వద్దని ముందే గట్టిగా చెప్పండి, ఐదుగురికి సామానుతో ఎలాగూ ఆటో కావాలి. కారులో అయితే నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా రావచ్చు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు లోపల రోడ్డు మీద ఉండకుండా తెల్లారుజామున బయల్దేరాలి.

ఆ రోజుల్లో ఎండ ఎలా ఉంటుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. సముద్రం పక్కనే కదా, చల్లగా ఉంటుందనుకుని వచ్చేవాళ్ళే ఎక్కువగా ఇబ్బంది పడతారు. మామూలు రోజుల్లో పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలై ఊరిని కాస్త చల్లబరుస్తుంది. పడమటి గాలి బలంగా వీచిన రోజు ఆ వేడిగాలి సముద్రపు గాలిని ఒడ్డు దాటి లోపలికి రానివ్వదు. అలాంటి రోజు బాపట్లలో ఎండ పల్నాడు ఎండకి తీసిపోదు. గాలి తిరిగిన తరవాత వేడి తగ్గినా ఉక్క పెరుగుతుంది, చెమట ఆరదు, పిల్లలకి చెమటకాయలు లేస్తాయి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె ప్రవేశిస్తుంది, రోళ్ళు పగిలే ఎండలని పేరు. మీరు దానికి ముందే వెళ్ళొస్తున్నారు, మంచిదే. పదిన్నర నుంచి నాలుగున్నర దాకా పిల్లలు ఇంటి పట్టునే ఉండాలి. పలుచని నూలు బట్టలు, పొడుగు చేతులవి, ఒక్కొక్కరికీ ఐదు జతలు పెట్టుకోండి. చెమటకాయల మీద పౌడరు దట్టంగా అద్దకండి, చెమటతో ముద్దై రంధ్రాలు మూసుకుపోతాయి. రోజుకి రెండు సార్లు చన్నీళ్ళ స్నానం, తరవాత పూర్తిగా తుడవడం, అదే మందు.

ఇక మే నెల తుపానుల కాలం కూడా. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. బయల్దేరే ముందు రెండు మూడు రోజులు వాతావరణ వార్తలు చూస్తూ ఉండండి. నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారన్నా సరే, ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, నీళ్ళలోకి దిగకండి. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఉన్న వాయుగుండం కూడా ఇక్కడ పెద్ద కెరటాలు పుట్టిస్తుంది. ప్రమాదాలు జరిగినప్పుడో, అలలు ఎక్కువగా ఉన్నప్పుడో పోలీసులు ఒడ్డు మూసేయడమూ ఉంటుంది. అప్పుడు వాళ్ళతో వాదించి పక్క దారిన జనం లేని చోటికి వెళ్ళేవాళ్ళుంటారు, ఆ పని అసలు చేయవద్దు.

సూర్యలంక బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. మే మధ్యలో సూర్యోదయం సుమారు ఐదూ ముప్పై ఐదుకి. ఇంట్లో ఐదింటికి బయల్దేరితే తూర్పున వెలుగు రాగానే ఒడ్డున ఉంటారు. ఎనిమిదికి తిరుగు ప్రయాణం. తొమ్మిదిన్నర దాటితే ఇసుక మీద వట్టి కాలు ఆనదు, పిల్లలు చెప్పులు విడిచిన చోటికి తిరిగి రాలేక ఏడుస్తారు. ఆటోని రానుపోను మాట్లాడుకుని అక్కడే ఉంచుకోండి. పొద్దున్నే వెనక్కి ఖాళీ ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు. సాయంత్రం సముద్రం కూడా బాగుంటుంది, కానీ నీళ్ళలోకి దిగడానికి కాదు, కూర్చోవడానికి. ఆరున్నరకల్లా పొద్దు వాలుతుంది, ఆ తరవాత నీళ్ళలో ఉన్న మనిషి ఒడ్డు మీద ఉన్నవాళ్ళకి కనబడడు.

ఇక్కడి ఒడ్డు చూడటానికి లోతు లేనట్టుంటుంది, చాలా దూరం మోకాటి లోతే. మోసం అందులోనే ఉంది. అలలు ఇసుకని తోడి గుంటలు చేస్తాయి. నిన్న మోకాటి లోతున్న చోట ఇవాళ ఛాతీ లోతు ఉండొచ్చు. దానికంటే పెద్ద ప్రమాదం లోపలికి లాగే ప్రవాహం. ఒడ్డుకి వరసగా వచ్చిన కెరటాల నీరంతా మళ్ళీ సముద్రంలోకి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ కాలవలా కట్టుకుని వేగంగా వెనక్కి పోతుంది. దాన్ని ఒడ్డు నుంచే గుర్తుపట్టొచ్చు. రెండు వైపులా కెరటాలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. నురగ, చెత్త ఒడ్డుకి రాకుండా లోపలికి పోతుంటాయి. తెలియనివాళ్ళు అలలు లేవు, ఇక్కడ బాగుందని సరిగ్గా ఆ పాయలోనే పిల్లల్ని దించుతారు. అందుకే వెళ్ళగానే దిగకండి. ఎత్తైన ఇసుక మీద నిలబడి పది నిమిషాలు నీళ్ళనే చూడండి. అక్కడ వల సర్దుకునే మత్స్యకారులు ఎవరైనా ఉంటే ఎక్కడ దిగొచ్చో అడగండి, ఆ వారంలో గుంట ఎక్కడ పడిందో వాళ్ళకి తెలుస్తుంది.

పోటు, పాటు సంగతి కూడా చూసుకోవాలి. రోజుకి రెండు సార్లు పోటు, రెండు సార్లు పాటు. రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర హెచ్చుతగ్గులు ఎక్కువ. పాటు మీద, అంటే నీరు దిగుతున్నప్పుడు, లోపలికి లాగుడు బలంగా ఉంటుంది. మీరు వెళ్ళే రోజుల్లో నీరు దిగే వేళ పొద్దుటి పూటే పడితే పిల్లల్ని తడి ఇసుక మీదే ఆడించండి.

పిల్లలు ఎంత లోతుకి? ఐదేళ్ళ పాపకి చీలమండ దాటకూడదు, తొమ్మిదేళ్ళ బాబుకి మోకాలు. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద మనిషి, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. ఫోటో తీయాలంటే మూడో మనిషి తీయాలి. సముద్రానికి వీపు పెట్టి నిలబడనివ్వకండి, ఫోటోల కోసం అలా నిలబడ్డప్పుడే కెరటం కొట్టి పడేస్తుంది. మీరు కూడా నడుము దాటి వెళ్ళొద్దు, ఈత వచ్చినా సరే. చెరువులోనో స్విమ్మింగ్ పూల్‌లోనో నేర్చిన ఈత ఈ లాగుడుకి చాలదు. చీరతో, చున్నీతో, లుంగీతో నీళ్ళలోకి దిగవద్దు. తడిసిన గుడ్డ కాళ్ళకి చుట్టుకుని లేవనివ్వదు. గాలి ట్యూబులు ఇంట్లోనే వదిలేయండి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ట్యూబులో ఉన్న పిల్లని ఆ గాలే లోపలికి తోసుకుపోతుంది. ట్యూబు ఉంది కదా అని పెద్దవాళ్ళు ఏమరుపాటుగా ఉంటారు, అదింకా ప్రమాదం.

మీ సంచిలో మూత గట్టిగా బిగిసే ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా ఒకటి, దాని చెవికి కట్టిన పదిహేను మీటర్ల నైలాన్ తాడు పెట్టుకోండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకడం వల్ల ఇద్దరు పోయిన సందర్భాలు ఈ తీరంలో చాలా ఉన్నాయి. దూకకండి. డబ్బా విసిరి తాడు పట్టుకోండి, కేకలు వేయండి, 112కి ఫోన్ చేయించండి. లాగుడులో చిక్కుకున్న మనిషి ఒడ్డుకి ఎదురీదకూడదు, అలా ఈదితే నిమిషాల్లో ఒంట్లో సత్తువ పోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ పాయ వెడల్పు సాధారణంగా ఎక్కువ ఉండదు, కెరటాలు విరుగుతున్న చోటికి చేరితే అవే ఒడ్డుకి తోస్తాయి. ఈ మాట బాబుకి ఇంట్లోనే, బయల్దేరక ముందే, బొమ్మ గీసి చెప్పండి.

మునిగిన మనిషిని బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం మన దగ్గర ఇంకా కనిపిస్తుంది. రెండూ తప్పు, పొట్టలోని నీళ్ళు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి తల వెనక్కి వాల్చి, ముక్కు మూసి నోటితో రెండు సార్లు ఊపిరి ఊదాలి. తరవాత ఛాతీ మధ్యలో ముప్పై సార్లు గట్టిగా, వేగంగా నొక్కాలి. మళ్ళీ రెండు ఊపిరులు, మళ్ళీ ముప్పై, 108 వచ్చేదాకా ఆపకూడదు. దగ్గి లేచి కూర్చున్నా, బాగానే ఉన్నానన్నా బాపట్ల ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. లోపలికి పోయిన నీళ్ళ ప్రభావం కొన్ని గంటల తరవాత ఆయాసంగా బయటపడుతుంది.

చిన్న చిన్న గాయాల సంగతి. జెల్లీఫిష్ తగిలి మంట పుడితే రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అతుక్కున్న తీగలుంటే ఏ అట్టముక్కతోనో ఎత్తి తీసి, ఇంటికొచ్చాక ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. టేకు చేప (స్టింగ్‌రే) ముల్లు గుచ్చుకున్నా వేడి నీళ్ళే ముందు, కానీ ఆ గాయానికి ఆస్పత్రి తప్పదు, ముల్లు ముక్క లోపల విరిగి ఉండొచ్చు. మోకాటి లోతులో అడుగులెత్తి వేయకుండా కాళ్ళు ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే ఆ చేప అలికిడికి తప్పుకుంటుంది. ఊపిరి అందకపోవడం, ముఖం వాయడం కనిపిస్తే ఆలోచించకుండా 108.

తిరిగొచ్చాక అత్తయ్యగారింటికి ఇసుక తీసుకెళ్ళకుండా ఉండటం ఒక పని. తడి ఇసుక వదలదు, ఆరితే రాలిపోతుంది. ఒడ్డునే సరుగుడు చెట్ల నీడలో పావుగంట ఆరనిచ్చి, పొడి తువ్వాలుతో దులిపి, పొడి బట్టలు మార్చి ఆటో ఎక్కించండి. ఇంటికి రాగానే పెరట్లో మొక్కల దగ్గర రెండేసి చెంబులు కాళ్ళ మీద పోసుకున్నాకే బాత్రూమ్‌లోకి. బాత్రూమ్ తూములో చేరిన ఇసుక నీళ్ళతో పాటు కదలదు, అడుగున పేరుకుంటుంది. మీరు వెళ్ళిపోయిన వారానికి నీళ్ళు నిలిచిపోతే వాళ్ళే మనిషిని పిలుచుకోవాలి. ఉప్పునీటి బట్టల్ని సబ్బు పెట్టే ముందు ఒకసారి వట్టి నీళ్ళలో జాడించండి, లేకపోతే సబ్బు నురగ రాదు.

నీళ్ళ గురించి ఫోన్‌లో ముందే అడగండి, మొహమాటం వద్దు. ఇసుక నేలల్లో వాన నీరు ఉప్పు నీటి మీద తేలే పలుచని పొరగా పైనే ఉంటుంది. అందుకే అక్కడ లోతు బోర్ల కంటే ఫిల్టర్ పాయింట్లు, అంటే పై పొర నీళ్ళని తోడే తక్కువ లోతు గొట్టాలు ఎక్కువ. వేసవి చివర్లో ఆ పొర పలచబడుతుంది, ఎక్కువసేపు తోడితే కింది ఉప్పు నీరు పైకొస్తుంది. మీరు ఐదుగురు రోజుకి రెండు స్నానాలు, ఒక్కోదానికి ఇరవై లీటర్లు వేసుకున్నా రెండు వందల లీటర్లు. వాళ్ళ మేడ మీద ఐదొందల లీటర్ల ట్యాంకే ఉంటే మోటారు రెండో సారి వేయాలి, కరెంటు పోతే అదీ లేదు. తాగడానికి మనిషికి మూడు లీటర్లు చొప్పున పదిహేను, అంటే దాదాపు రోజుకో ఇరవై లీటర్ల క్యాను. దిగిన రోజే వీధిలో క్యాన్లు వేసే అబ్బాయికి రోజుకొకటి చొప్పున మీరే చెప్పి, మీరే డబ్బులిచ్చేయండి. బోరింగు నీళ్ళు కాస్త ఉప్పగా తగిలితే జుట్టు అట్టకడుతుంది, చివరి చెంబు క్యాను నీళ్ళు తల మీద పోసుకుంటే చాలు. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్‌ఎస్ పొట్లాలు పది పెట్టుకోండి. పొట్లం మీద ఎంత నీళ్ళలో కలపమని రాశారో చూసి కలపాలి, చిన్నవి రెండు వందల మిల్లీలీటర్లకే వస్తాయి. చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. తడిగుడ్డలు కప్పి, గాలి తగలనిచ్చి వెంటనే ఆస్పత్రికి. మెలకువ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇప్పుడు చేపల మాట, చాలామందికి నిరాశ కలిగేది ఇదే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల్ని, మోటారు బోట్లని సముద్రంలోకి పోనివ్వరు. తెడ్డు వేసుకునే చిన్న తెప్పల వాళ్ళు తెచ్చే కాసిని చేపలు తప్ప ఆ రోజుల్లో తాజా సముద్రపు చేప దొరకదు. కాబట్టి ఫోన్‌లో పిల్లలు వంజరం కావాలంటున్నారని, చందువ కావాలంటున్నారని అనకండి. అన్నారంటే మామయ్యగారు ఎండలో నిజాంపట్నం దాకా తిరిగైనా ఏదో ఒకటి తెస్తారు. అది ఎన్నాళ్ళు ఐసులో ఉందో చెప్పలేం. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలవదు, అక్కణ్ణుంచి వచ్చిన సరుకూ కావచ్చు. కనగర్తల్లాంటి నూనె చేపలు ఐసు లేకుండా కాసేపున్నా వాటిలో పుట్టే విషం వండినా పోదు, తిన్న గంటలో ముఖం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. కొనాల్సి వస్తే కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన చోట సొట్ట నిలవకూడదు. రొయ్యకి తల ఊడిపోకూడదు, నల్లబడకూడదు.

ఆ రోజుల్లో అక్కడ నిజంగా బాగుండేవి వేరే ఉన్నాయి. మడ కాలవల పీతలు, ఉప్పుటేరుల కొయ్యింగ చేపలు, చెరువు రొయ్యలు, అన్నిటికంటే ఎండు సరుకు. చింతచిగురు ఎండు రొయ్యలు, వంకాయ ఎండు రొయ్యలు, పుల్ల మామిడికాయతో ఎండు చేపల పులుసు. వేసవి భోజనమంటే ఇదే, అత్తయ్యగారి చేతి వంటలో కోరి అడగాల్సింది ఇదే. మీరు హైదరాబాద్‌కి తెచ్చుకోవాల్సింది కూడా ఎండువే. మామూలు రోజుల్లో పచ్చి చేప తేవాలంటే కిలో చేపకి కిలో ఐసు చొప్పున థర్మాకోల్ పెట్టెలో వరసలుగా సర్దాలి, రాత్రి రైల్లో ఆ నీళ్ళు కారితే చుట్టూ ఉన్నవాళ్ళకి నరకం. ఈసారి ఆ శ్రమ అవసరమే లేదు. ఎండు నెత్తళ్ళు కొనేటప్పుడు విరిస్తే పుటుక్కున విరగాలి, వంగి సాగితే తడి ఉన్నట్టే, వారంలో బూజు పడుతుంది. ఉప్పు చేప మీద తెల్లటి ఉప్పు ఉండొచ్చు, గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే పాడవడం మొదలైనట్టు. పేపర్లో చుట్టి, దాని మీద రెండు ప్లాస్టిక్ కవర్లు గాలి చొరకుండా కట్టి, మూత బిగిసే స్టీలు డబ్బాలో పెడితే వాసన బయటికి రాదు. ఇంటికి చేరగానే ఒక పూట ఎండలో పోసి ఆరాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు: మే నెలంటే ఆవకాయ పెట్టే రోజులు. అత్తయ్యగారు ఏ రోజు పెడుతున్నారో అడగండి. మీరున్న రోజుల్లోనే అయితే ఆ పొద్దు ఇల్లంతా ఆ పని మీదే ఉంటుంది. వంటగదిలో తడి చేతులతో తిరగకూడదు, పిల్లలు సముద్రం నుంచి తడి బట్టలతో వచ్చి కాయల బుట్టల దగ్గర ఆడకూడదు. ఉక్క గాలిలో ముక్కకి చుక్క తడి తగిలినా నెల తిరక్కుండా బూజు కడుతుంది. మీరు చేయగల సాయం ఉంది. కడిగిన కాయల్ని పొడి గుడ్డతో ఒక్కొక్కటీ తుడవడం, కొట్టిన ముక్కల్లోంచి జీడి, పలుచని పొర తీయడం, టెంకె లేని ముక్కల్ని పక్కకి ఏరడం. తొమ్మిదేళ్ళ బాబు కూడా తుడిచే పని చేస్తాడు. కారం, ఉప్పు, ఆవపిండి కొలతల జోలికి మాత్రం వెళ్ళకండి, ప్రతి ఇంటికీ ఒక కొలత ఉంటుంది. ఆదివారం కలిపితే మంగళవారానికి మూడో రోజు, తిరగ కలిపే రోజు. ఉప్పు సరిచూసి, నూనె తేలకపోతే ఇంకాస్త కాచి చల్లార్చి పోస్తారు. కాబట్టి ఆ రోజు జాడీలోంచి మీ వాటా తీసివ్వడానికి వీలుగా, బాగా ఎండలో పెట్టిన పొడి డబ్బా హైదరాబాద్ నుంచే తెచ్చుకోండి. అంచుకి రెండంగుళాలు ఖాళీ ఉంచి నింపాలి. ముక్క ఇంకా ఊరుతుంటుంది, ప్రయాణంలో నూనె పొంగి మూత సందుల్లోంచి వస్తుంది. మూతి మీద ప్లాస్టిక్ కాగితం వేసి దారంతో కట్టి, ఆపైన మూత బిగించి, నిలువుగా బట్టల మధ్య నిలబెట్టి తేవాలి.

చూడాల్సినవి. పిల్లలకి సముద్రమే చాలు, ఊళ్ళో భావనారాయణస్వామి గుడి పొద్దున్నో సాయంత్రమో, మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటాయి. సోమవారం నాలుగున్నర దాటాక చీరాల వెళ్ళండి. నేత బట్టలు, జాకెట్టు ముక్కలు అక్కడి బజార్లో చవక, శుభకార్యాల్లో పెట్టే బట్టలు కొనడానికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా అక్కడికే వస్తారు. పక్కనే వేటపాలెం జీడిపప్పుకి పేరు. గుడ్డు (విరగని పప్పు), బద్ద (రెండుగా చీలింది), ముక్క వేరువేరు ధరలు, కూరలకీ పాయసానికీ బద్ద సరిపోతుంది. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, 1918లో పుట్టింది, భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే చోటు అది, తెరిచి ఉండే వేళ కనుక్కుని బాబుని లోపలికి తీసుకెళ్ళి చూపించండి. చరిత్ర మీద ఇష్టం ఉంటే ఇంకాస్త ముందుకి మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకి అభయమిస్తూ 1244 ప్రాంతంలో వేయించిన శాసనం అక్కడిదే. అయితే ఇవన్నీ ఒకే సాయంత్రంలో ఇమడవు. చీరాల, వేటపాలెం చాలు.

మీ అమ్మగారిని ఆ సాయంత్రం తీసుకెళ్ళకండి. ఆవిడ వస్తున్నది ఆడపడుచుని చూడటానికి. వదినా ఆడపడుచులు ఇద్దరే మేడ మీద గాలికి కూర్చుని మాట్లాడుకోవడానికి రెండు గంటలు పిల్లల గోల లేకుండా దొరకాలి, మీరు చీరాల వెళ్తేనే అది కుదురుతుంది. రాత్రి మేడ మీద పడకలు వేస్తారు. మీ దోమతెర మీరే పట్టుకెళ్ళండి. అర్ధరాత్రి దాటాక మంచు దిగి పక్కలు చెమ్మగిల్లుతాయి కాబట్టి పాప మీద దుప్పటి కప్పండి. ఇంట్లో ఒక్క గదికే ఏసీ ఉంటే ఆ గది మీకిచ్చి వాళ్ళు హాల్లో పడుకుంటామంటారు, ఒప్పుకోవద్దు. పిల్లల్ని, పెద్దవాళ్ళిద్దర్నీ ఆ గదిలో పడుకోబెట్టి మిగతావాళ్ళు మేడెక్కండి.

వంట భారం తగ్గించడం మీ చేతుల్లో ఉంది. సముద్రానికి వెళ్ళిన రెండు రోజులూ తిరిగొస్తూ బజార్లో ఇడ్లీ, గారెలు ఇంటిల్లిపాదికీ కట్టించుకుని రండి. టిఫిన్ తెస్తున్నామని ముందు రాత్రే చెప్పాలి, లేకపోతే ఆవిడ నాలుగింటికే లేచి పిండి రుబ్బుతారు. మధ్యాహ్నం ఒక కూర, పప్పు, మజ్జిగ చాలని మొదటి రోజే మీ అమ్మగారి చేత చెప్పించండి, మీరు చెబితే మొహమాటమనుకుంటారు. తీసుకెళ్ళే వాటిలో బిస్కెట్లు, కారప్పూస గాలి చొరబడని డబ్బాలో ఉండాలి, ఉప్పు గాలికి ఒక్క రోజులో మెత్తబడతాయి. పాలతో చేసిన స్వీట్లు రాత్రి ప్రయాణానికి ఆగవు, వద్దు. అత్తయ్యగారికి చీర హైదరాబాద్‌లోనే కొనండి. చీరాల పక్కనే ఉన్న ఆవిడకి చీరాల బట్ట పెట్టడం బాగుండదు. మామయ్యగారికి పంచె, వాళ్ళ మనవలకి చేతిలో పెట్టే డబ్బులు మంగళవారం భోజనాలయ్యాక తీరిగ్గా ఇవ్వండి. బండి వేళకి గుమ్మంలో హడావుడిగా ఇస్తే వాళ్ళు వద్దంటూ తోస్తారు, మీరు జేబులో కుక్కుతారు, ఆ గొడవలో ఆవకాయ డబ్బా మరిచిపోతారు.